ఎడమ మూల తెల్ల అక్షరాలు

సెప్టెంబరు 26, 1983, సోమవారం

ముప్పై రోజులు మాట్లాడకూడదట. ఉసుయి డాక్టరుగారు చిన్న అద్దం గొంతులోకి పెట్టి చూసి, కాగితం మీద రెండు గీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో చుక్క పెట్టి చూపించారు. స్వరతంతువుల మీద కాయలు కాశాయి. పార పట్టిన చేతికి కాసినట్టే, పని ఎక్కువై. గుసగుస కూడా పనికిరాదు, అది ఇంకా చేటు. దగ్గొస్తే మింగాలి. నిద్రలో పలవరిస్తే ఏం చేయాలని అడిగాను. అదే నా ఆఖరి మాట. ఆయన నవ్వలేదు. "నలభై నాలుగేళ్ళొచ్చాయి తోగాషిగారూ, ఇదివరకటిలా కాదు. అక్టోబరు ఇరవై అయిదు దాటేదాకా నోరు లేదనుకోండి. అప్పటికీ తగ్గకపోతే కోయాలి," అన్నారు.

వచ్చే దారిలో ఈ నోటుపుస్తకం, పిల్లలు రాసి చెరుపుకునే పలక కొన్నాను. పలక ఊరికోసం, పుస్తకం నాకోసం.

ప్రకటనల పాటలు పాడి ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నదాన్ని. సబ్బులు, దోమల చుట్టలు, కప్పు సూపులు, టైర్లు. ఒక్కదానికీ పేరు లేదు. నాకా పట్టింపూ లేదు. నిజం కనకే రాసి పెట్టుకుంటున్నాను.

ఈ గొంతు పాడిన చివరి పాట కూడా ప్రకటనదే. వెలోరా అని కొత్త కారు. పదిహేను సెకన్లు, మూడు వాక్యాలు. పాడాల్సింది కనెమిత్సు చిహయా, ఇరవై రెండేళ్ళ తార. ఆ పిల్ల విని నేర్చుకోవడానికి నేను ట్రాక్ పాడి ఇచ్చాను. ఆ రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరం, గొంతు బొంగురు. సంగీతం చూసుకునే నెమోతో అనే అతను "చాలు చాలు, ట్రాకే కదా" అని పంపించేశాడు.

వాన ఆగలేదు, అయినా బయల్దేరాను.
నువ్వున్న ఊరి దారి నాకు తెలుసు.
పలకకపోయినా సరే, వస్తున్నాను.

అంతే పాట. ఇంకేం లేదు దానికి.

సెప్టెంబరు 28

చేపల కొట్టువాడు నాకు చెవుడనుకుని అరిచి అరిచి ధర చెప్పాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే లేకపోతే ఊరంతా అరుస్తుంది.

అక్టోబరు 3, సోమవారం

మధ్యాహ్నం వీధి చివర సోబా నూడుల్స్ కొట్టుకి వెళ్ళాను. పలక మీద 'ఎప్పటిదే' అని రాసి చూపించాను. వేడివేడి సోబా గిన్నె వచ్చింది. టీవీలో వార్తలయిపోయాయి. వాన. సముద్రం పక్కన రోడ్డు. తెల్ల కారు. ఆ తర్వాత నా గొంతు.

నా జ్వరం గొంతు. నా ట్రాక్. రెండో వాక్యం ముందు నేను ఊపిరి పీల్చిన చప్పుడు కూడా కత్తిరించలేదు. తెర కింద ఎడమ మూల, ఎప్పటిలాగే తెల్ల అక్షరాలు: పాట, కనెమిత్సు చిహయా.

సోబా అడ్డం పడింది. దగ్గు మింగాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కొట్టు ఆవిడ మంచినీళ్ళు తెచ్చిపెట్టి టీవీకేసి చూస్తూ, "ఈ పిల్ల గొంతు ఎంత మారిపోయిందండీ. ఎవరినో నమ్మి దెబ్బతిన్నట్టుంది. లేకపోతే ఆ వయసుకి ఆ జీర ఎక్కడిది?" అంది.

నేను తలాడించాను. ఇంకేం చేయను?

అక్టోబరు 4

నెమోతో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి పలక చూపించాను. 'అది నా గొంతు.'

లేచి తలుపు వేశాడు. చిహయా సెప్టెంబరు పదహారో తారీఖున వచ్చి పాడాల్సిందట. ఏదో సినిమా కోసం దక్షిణాన ఒక దీవికి వెళ్ళింది, తుపానొచ్చి విమానాలు ఆగిపోయాయి. ప్రకటన విడుదల రోజు కదలదు. ఫిలిం మీద పేరు అప్పటికే ఎక్కించేశారు. గత్యంతరం లేక నా ట్రాక్ అతికించి కారు కంపెనీవాళ్ళకి చూపించాడు. వాళ్ళు చిహయా ఎంత బాగా పాడిందని పొంగిపోయారు. ఇక నోరెత్తలేకపోయాడు. రెండు వారాల్లో చిహయాతో పాడించి మార్చేస్తానన్నాడు.

"ఈ సంగతి మన ఇద్దరికీ, ఆ అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. మీరు పాతవారు, నేను చెప్పాలా?" అని కాసేపు నా మొహం చూశాడు. "ఏమీ అనట్లేదంటే మీకు అభ్యంతరం లేదనే కదా."

మౌనం అర్ధాంగీకారమట. డాక్టరు నా నోరు కుట్టేస్తే ఈ పెద్దమనిషి దాన్ని సంతకం కింద తీసుకున్నాడు. పలక నా ఒళ్ళోనే ఉంది, సుద్దముక్క చేతిలోనే ఉంది, నేను రాయలేదు. యోకాన్ మిఠాయి పెట్టె చేతిలో పెట్టాడు. వంగి దణ్ణం పెట్టి వచ్చేశాను.

నాకేం బాధ లేదు. పేరు నాకెప్పుడూ అక్కర్లేదు.

అక్టోబరు 5

యోకాన్ మొత్తం తినేశాను. బాధేం లేదు.

అక్టోబరు 9, ఆదివారం

అమ్మ ఫోన్ చేసింది. చోషి రేవులో నలభై ఏళ్ళు చేపలమ్మిన మనిషి, డెబ్బై ఒకటి నిండినా ఇంకా ఒడ్డునే ఉంటుంది. నేను మాట్లాడకూడదు కనక, రిసీవరు మీద గోటితో కొట్టాలని మొదటి వారమే ఉత్తరంలో ఒప్పందం. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు.

ఫుమీ, ఉన్నావా అంది. టక్. తింటున్నావా అంది. టక్.

"ఆ కారు పాట నీదే కదూ?"

టక్.

"అనుకున్నా. రేవులో టీవీ ముందు నిలబడి పక్క కొట్టు ముసలాడితో అన్నా, ఇది మా పిల్లేరా అని. వాడు కింద పేరు చూపించి పకపకా నవ్వాడే. సొమ్మొకడిది సోకొకడిది. వెళ్ళి అడిగావా వాళ్ళని?"

టక్ టక్.

"ఏం, నోరు లేకపోతే చేతులు కూడా పోయాయా? వినవే. ఆ గొంతు నీది కూడా కాదు, నాది. అలల అవతల ఉన్న పడవకి వినపడేలా అరిచిన గొంతు. నువ్వు పాటల బళ్ళో చేరి దాన్ని ఉతికి ఆరేసుకున్నావు. జ్వరమొచ్చి మళ్ళీ బయటపడింది. దాన్ని దారిన పోయేవాళ్ళకి ఇచ్చెయ్యడానికి నువ్వెవరివే? అడగందే అమ్మైనా పెట్టదు, వాడు పెడతాడా?"

పెట్టేసింది. నేను రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను. నాకు బాధగా ఉంది. ఉంది.

అక్టోబరు 12

టీవీవాళ్ళకి ఫోన్లమీద ఫోన్లట, ఆ పాట రికార్డు ఎక్కడ దొరుకుతుందని. రికార్డు కొట్లలో మనుషులు నిలబడి కూనిరాగం తీసి వినిపించి మరీ అడుగుతున్నారట. ఇవ్వడానికి పాటేదీ? ఉన్నదే పదిహేను సెకన్లు. ఇప్పుడు హడావిడిగా మిగతా పాట రాయిస్తున్నారు. మా పనిలో ఇది మామూలే. తోక పుట్టి, జనం మెచ్చాక, దానికి పిల్లిని అతికిస్తారు.

ఇవన్నీ నెమోతోనే ఫోన్లో చెప్పాడు. చివర్లో అసలు మాట వచ్చింది. ఇరవై ఎనిమిదిన రికార్డింగు. పాడేది చిహయా. కాని ఆ జీర తనకి రావట్లేదు. కనక నేను ముందు పూర్తి పాటకి ట్రాక్ పాడాలి, ఆ అమ్మాయి పక్కన కూర్చుని వింటూ పట్టుకుంటుంది. కారు కంపెనీ పెద్దలు వస్తారు, నేను కాస్త వెనకగా ఉంటే మంచిది.

నా గొంతుని నేనే దొంగకి అప్పజెప్పి, తాళం ఎలా తియ్యాలో కూడా నేర్పాలి.

"వస్తారుగా? వచ్చేట్టయితే ఒకసారి రిసీవరు మీద కొట్టండి," అన్నాడు. గోటితో ఒకసారి కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు. పని అంటే కాదనడం రాదు నాకు, అందుకే అయ్యుంటుంది.

అక్టోబరు 15

డాక్టరుగారు అద్దం పెట్టి చూసి మొదటిసారి నవ్వారు. కాయలు సగానికి సగం కరిగాయి. ఇలాగే నోరు కట్టుకుంటే కోయక్కర్లేదు, ముప్పై ఏళ్ళ వయసునాటి గొంతు తిరిగొస్తుందన్నారు.

ఎగిరి గంతేయాలనిపించింది. మెట్లు దిగేలోపే కాళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ పైకెక్కి పలక మీద రాసి అడిగాను: 'ఆ బొంగురు జీర ఉంటుందా?'

"అది మీ గొంతు కాదమ్మా, కాయల గొంతు. కాయలతోనే పోతుంది," అన్నారు.

అమ్మేమో అది తనదంటుంది. డాక్టరేమో కాయలదంటాడు. టీవీ చిహయాదంటుంది. నాదని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేనూ అనలేదు.

అక్టోబరు 16

ఇప్పుడే ఎవరూ లేని చోటుకి వెళ్ళి గట్టిగా అరిస్తే కాయలు కరగవు. ఒక్క అరుపు చాలు. రోజంతా ఇదే ఆలోచన.

అరవలేదు.

అక్టోబరు 19, బుధవారం

తలుపు తీస్తే చిహయా. నల్ల కళ్ళద్దాలు, టోపీ, చేతిలో బేరిపళ్ళ సంచి. వెంట ఎవరూ లేరు. టీవీలో కన్నా చిన్నగా ఉంది, ఆకలేసిన పిల్లలా ఉంది. గుమ్మంలోనే నడుం వంచి ఉండిపోయింది, లేవమని భుజం తట్టేదాకా.

టీ పెట్టాను. తను మాట్లాడుతుంటే నేను పలక మీద రాశాను. నా ట్రాక్ టేపు అరిగిపోయేదాకా విందట. జీర రావాలని దిండులో మొహం పెట్టి అరుస్తోందట. మూడు రోజులుగా మింగుడు పడటం లేదట. గొంతు విని అదిరిపడ్డాను. అది బొంగురు కాదు, పుండు.

"అందరూ మెచ్చుకుంటున్నారు తోగాషిగారూ. మా నాన్న ఏడ్చాడట ఆ పాట విని. నాకు అన్నం సయించట్లేదు," అంది. "నేను అప్పుడే చెప్పేయాల్సింది. నెమోతోగారు చెప్పొద్దన్నారు. చెప్పలేదు."

నేను రాశాను: 'దిండులో అరవడం ఈ రోజే మానెయ్యి. అది నేర్చుకుంటే వచ్చేది కాదు. ఇరవై ఏళ్ళు సబ్బుల పాటలు పాడితే వస్తుంది.'

ఫక్కున నవ్వింది, వెంటనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చప్పుడు కాకుండా. బేరిపళ్ళు కోసి ఇద్దరం తిన్నాం. వెళ్ళేముందు, ఇరవై ఎనిమిదిన నేనేం చేస్తే బావుంటుందో చెప్పండి అంది. 'ఎవరైనా అడిగితే నిజం చెప్పు' అని రాశాను. అంతకన్నా అడిగే హక్కు నాకు లేదు.

అక్టోబరు 21

నెమోతో పని ఇవ్వకపోతే నాకు పనే లేదు. ఈ ఊళ్ళో ప్రకటనల పాటల్లో సగం అతని చేతి మీదుగానే వెళతాయి. అతని గుట్టు కారు కంపెనీవాళ్ళ ముందు బయటపెడితే ఇరవై ఏళ్ళ బతుకు అక్కడితో సరి. ఒకవైపు అది. ఇంకోవైపు తెరమీద ఎడమ మూల, బొటనవేలంత చోటు.

నాకు పేరు అక్కర్లేదని మొదటి పేజీలో రాశాను. అబద్ధం. ఇరవై ఏళ్ళ అబద్ధం. పాడిన ప్రతిసారీ టీవీ దగ్గరికి జరిగి ఆ మూలే చూశాను. సబ్బు ప్రకటనకి ఎవరూ పేరు వెయ్యరని తెలిసి కూడా చూశాను.

నా పేరు అక్కడ ఉండాలి.

సాయంత్రం స్టేషను పక్కన అచ్చు కొట్టుకి వెళ్ళి వంద విజిటింగు కార్డులు అచ్చెయ్యమని రాసి ఇచ్చాను. ట్రాక్ పాడేవాళ్ళు కార్డు కొట్టించుకోవడం ఏమిటన్నట్టు నాకే సిగ్గేసింది. కొట్టతను చదివి, "వెలోరా పాట మీరా పాడింది?" అన్నాడు. తలాడించాను, ఒక్కసారి, గట్టిగా.

అక్టోబరు 26

నోరు విప్పాను. వంటింట్లో నిలబడి నా పేరు నేనే అన్నాను. ఎంత శుభ్రమైన గొంతు! పాట అందుకున్నాను. కడిగిన గాజు గ్లాసులా ఉంది. జీర లేదు. ఎంత వెతికినా లేదు.

ఎల్లుండి వెళ్ళి ఆ పాట నాదంటే ఎవరు నమ్ముతారు?

అక్టోబరు 27

తెల్లవారుజామున మొదటి రైలెక్కి చోషి వెళ్ళాను. అమ్మ బుట్టల మధ్య నిలబడి అరుస్తుంటే రెండు గంటలు చూశాను. కాళ్ళు ఎడంగా పెడుతుంది. గడ్డం దించుతుంది. గొంతు బిగించదు, పొట్ట బిగిస్తుంది. ఆ జీర పైనుంచి రాదు, అడుగునుంచి వస్తుంది.

గొంతు ఎప్పుడైనా పోయిందా అని అడిగాను. నలభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా పోలేదంది. కాయలు లేవు. డాక్టరుగారు తప్పు చెప్పారు.

అక్టోబరు 28, శుక్రవారం

వరసగా రాస్తాను, ఏదీ పోకుండా.

కారు కంపెనీ ప్రకటనల పెద్ద తకెబెగారు స్వయంగా వచ్చారు. అరవై దాటిన మనిషి, బూడిదరంగు కోటు. స్టూడియోలో అందరూ వంగి వంగి కార్డులు మార్చుకుంటున్నారు. ట్రాక్ పాడేవాళ్ళకి కార్డుండదు. మాకు వెనక గోడ పక్కన మడత కుర్చీ ఉంటుంది. నెమోతో నాకా కుర్చీ చూపించాడు. నేను దాన్ని దాటి ముందుకెళ్ళాను.

రెండు చేతులా కార్డు పట్టుకుని తకెబెగారి ముందు వంగాను. కార్డు ఇస్తే ఎంత పెద్దవాడైనా రెండు చేతులా అందుకోవాలి, పేరు పైకి చదవాలి, సరిగా పలికానా అని అడగాలి. ఇరవై ఏళ్ళుగా ఆ మడత కుర్చీలోంచి చూస్తున్న తంతు ఇది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, గదంతా వినేలా చదివారు.

"వెలోరా పాట పాడినవారు, తోగాషి ఫుమియె. ఫుమియెగారే కదండీ, సరిగా పలికానా?"

"సరిగానే పలికారండి," అన్నాను.

అప్పుడు ఆయనకి తట్టింది. కార్డు మళ్ళీ చూశారు. పాడింది కనెమిత్సుగారు కదా అన్నారు. నెమోతో తేలు కుట్టిన దొంగలా నిలబడి, అచ్చులో ఏదో పొరపాటు జరిగిందని గొణిగాడు. వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడు. తన మేనేజరు చొక్కా పట్టుకుని లాగుతున్నా చిహయా లేచి నిలబడింది.

"పొరపాటు కాదండి. ఆ రోజు నేను రానేలేదు, తుపానులో దీవి మీద ఉండిపోయాను. టీవీలో వస్తున్నది ఈవిడ గొంతే. నేనందులో ఒక్క అక్షరం పాడలేదు."

తకెబెగారు నాకేసి తిరిగారు. ఆయనకి కోపమొచ్చిందో లేదో మొహంలో తెలియలేదు. "మీ మాట ఇంత తేటగా ఉంది. ఆ పాటలో గొంతు ఇలా లేదే," అన్నారు. న్యాయమే. పాడతానన్నాను.

మొదటి వాక్యం గాజులా వచ్చింది. భయం, పాత అలవాటు. నెమోతో మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది. ట్రాకులు పాడే మనిషే కదండీ అని నవ్వబోయాడు. నేను చెయ్యెత్తి ఆపి, మైకు రెండు బారలు వెనక్కి జరపమన్నాను. చెప్పులు విడిచాను. కాళ్ళు ఎడంగా పెట్టాను. గడ్డం దించాను. అలల అవతల ఒక పడవ ఉంది, అందులో ఎవరో ఉన్నారు, వాళ్ళకి వినపడాలి. అంతే అనుకున్నాను.

వాన ఆగలేదు, అయినా బయల్దేరాను.

వచ్చింది. అడుగునుంచి వచ్చింది. మూడో వాక్యానికి ఆపమని ఎవరూ అనలేదు కనక నేనూ ఆపలేదు. కొత్తగా రాసిన మూడు నిమిషాలూ ఎదురుగా ఉన్న స్వరాల కాగితం చూసి పాడేశాను. రెండు చోట్ల మాట తడబడింది. అయిపోయాక చూస్తే అద్దం అవతల రికార్డింగు అబ్బాయి టేపు ఆపడం మర్చిపోయాడు. చిహయా ముక్కు తుడుచుకుంటోంది.

తకెబెగారు కార్డు జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. "నెమోతోగారూ, మా కారు మీద ఇంకో కంపెనీ పేరు బిగించి ఎవడైనా అమ్మితే నేను ఊరుకుంటానా? మరి ఈవిడ ఎందుకు ఊరుకోవాలి?" అన్నారు. రికార్డు నా పేరునే రావాలన్నారు. టీవీలో అక్షరాలు మార్చడానికి పదిహేను రోజులు పడుతుందట.

మెట్ల దగ్గర నెమోతో ఎదురుపడి, ఇరవై ఏళ్ళు అన్నం పెట్టాను మీకు అన్నాడు. "పాడితే పెట్టారు," అన్నాను.

నవంబరు 6

నెమోతో ఫోన్ చేయలేదు. చేయడు. వేరే ఎవరి దగ్గరా పని అడగలేదు ఇంకా. రేపు అడుగుతాను. కార్డులు తొంభై తొమ్మిది ఉన్నాయి.

నవంబరు 14, సోమవారం

మధ్యాహ్నం సోబా కొట్టులో కూర్చున్నాను. వార్తలయ్యాయి. వాన. సముద్రం పక్కన రోడ్డు. తెల్ల కారు. ఎడమ మూల తెల్ల అక్షరాలు: పాట, తోగాషి ఫుమియె.

కొట్టు ఆవిడ గిన్నె పెడుతూ మూతి విరిచింది. "చూశారా, ఎవరో కొత్తావిడ. అచ్చం చిహయా గొంతు దించేసింది. ఇంకొకళ్ళలా పాడటానికి సిగ్గుండాలండీ," అంది.

పగలబడి నవ్వాను. ఆవిడ బిత్తరపోయి, "అయ్యో, మీకు మాటొచ్చిందే!" అంది. వచ్చిందన్నాను. ఇంకో గిన్నె పెట్టమన్నాను.

ఇంటికొచ్చి చోషికి ఫోన్ చేశాను. రెండో మోతకే ఎత్తింది. "అమ్మా, చూశావా?" అన్నాను. జవాబు లేదు. ఊరంతా వినపడేలా అరిచే మనిషి. వెనక రేవు గోల వినిపిస్తోంది, తను మాత్రం పలకదు. "అమ్మా, ఉన్నావా?" అన్నాను.

చాలాసేపటికి, అటునుంచి గోటితో ఒకసారి కొట్టిన చప్పుడు వినిపించింది.